ఈశాన్య మూల తవ్వినప్పుడు

2007. టెక్సస్‌లోని కాపెల్‌లో నేను రియల్టర్‌ని, అంటే ఇళ్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే లైసెన్సున్న ఏజెంటుని. ఆ ఏడు అక్కడి మా తెలుగువాళ్లు నలుగురు కలిస్తే కోస్టారికా మాటే. ఏడాది పొడుగునా వెచ్చదనం, గుమ్మంలో సముద్రం, టూరిస్టుల అద్దెలు. నేను ఇల్లు కొనిపెట్టిన దంపతులు రమణ, సుధ ఆ ఇంటిమీదే లోన్ తీసి అక్కడ ప్లాటు కొంటామన్నారు.

"టైటిల్ సెర్చ్ చేయించావా?" అన్నాను. ఆ భూమి ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో రికార్డుల్లో వెతకడం అది.

"నీకు కమిషన్ రాని చోట అన్నీ అనుమానాలేనా అక్కా?" అన్నాడు రమణ.

"వచ్చే చోటా అనుమానాలే. అందుకే నీ ఇంటి పైకప్పు ఇంకా కారట్లేదు."

అతను వినలేదు. సుధకి మాత్రం గుబులు పట్టుకుంది. డిస్కవరీ టూర్‌కి, అంటే ప్లాటు అమ్మే కంపెనీ తిప్పే విహారయాత్రకి, నన్నూ లాక్కెళ్లింది.

సముద్రం నిజంగానే అందంగా ఉంది. నాకు భయమేసింది అందుకే. అంత అందం ఎదురుగా ఉంటే కాగితాలు ఎవరు చదువుతారు? మమ్మల్ని తీసుకెళ్లిన సేల్స్‌మన్ రిక్ అమెరికనే. రిజిస్ట్రేషన్ కోసమని వాళ్లిద్దరి పాస్‌పోర్టులు తన బ్యాగులో వేసుకున్నాడు. నాది నేను ఇవ్వలేదు. కారు ప్లాట్లున్న ఆవరణలోకి రాగానే అతని డ్రైవర్ గేటుకి తాళం వేశాడు. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు.

"మీ ముహూర్తం దాటకముందే సంతకాలు కానిద్దాం," అన్నాడు రిక్. ముహూర్తం అనే మాట అతని నోట అంత శుభ్రంగా వచ్చింది. ఎవరు నేర్పారు ఇతనికి?

మళ్లీ ఎప్పుడొస్తామో, ముందు భూమిపూజ చేద్దామంది సుధ. రమణ దిక్సూచి చూసి ఈశాన్య మూల పట్టుకున్నాడు. డ్రైవర్ని అడిగి పార తెచ్చి తవ్వాడు. మోకాలి లోతులో పార ఖంగుమంది.

ఇసుకలో రాగి చెంబు. మూతికి ఎర్రగుడ్డ, దానిచుట్టూ దారంతో కట్టిన పసుపు కొమ్ము.

"ఇది మనం తెచ్చింది కాదు కదక్కా," అంది సుధ.

అదే మూలలో మనవాళ్లెవరో ముందే పూజ చేసుకున్నారు. ప్లాటుకి మరో యజమాని ఉన్నాడు. రమణ నోరు తెరవబోయాడు. కారు దగ్గర్నుంచి రిక్ మావైపే వస్తున్నాడు.

"మాట్లాడకు. కప్పెట్టు," అన్నాను. ముగ్గురం చేతులతోనే ఇసుక తోశాం.

"ఏమైంది?" అన్నాడు రిక్.

"రాహుకాలం మొదలైంది. ఇప్పుడు సంతకం పెడితే కీడు. రేపు పొద్దున పెడతారు. హోటల్లో పాస్‌పోర్టులు అడుగుతారు, ఇచ్చెయ్యండి."

అతను గోతివైపు చూశాడు. తర్వాత నావైపు. ముహూర్తంతో తొందరపెట్టినవాడు రాహుకాలాన్ని ఎలా కాదంటాడు? బ్యాగు జిప్పు తీశాడు. గేటు తెరుచుకునేదాకా సుధ నా మణికట్టు వదల్లేదు. మర్నాడు సంతకం వేళకి మేం విమానంలో ఉన్నాం.

ఇప్పుడు ఎవరు కొనడానికొచ్చినా ఏం కడతారని ముందు అడగను. మీకన్నా ముందు ఎవరిది అని అడుగుతాను. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ. ఆ చెంబు పెట్టినవాళ్లు ఎవరో కనుక్కోలేకపోయాను. ఏ ఊళ్లోనో చలికి కిటికీలు బిగించుకుని, మాకు వెచ్చటి దేశంలో సముద్రం పక్కన స్థలం ఉందని ఎవరికో చెబుతూ ఉండి ఉంటారు.