బోర్డు మీది పన్ను

అందరూ ఆయన్ని బోర్డాయన అనేవారు. కుంచె పట్టాడంటే చెప్పుల కొట్టు బోర్డు మీది చెప్పులు లేచి నడుస్తాయేమో అనిపించేది. అంత పనిమంతుడికీ సిగరెట్టు దగ్గర మాత్రం మనసు ఆగేది కాదు. జారిపడి ముందు పన్ను సగం విరిగినప్పుడు, పళ్ళ డాక్టరమ్మ పంటి రంగు పదార్థంతో దాన్ని అతికించి నిలబెట్టింది. ఫీజుకి బదులు ఆయన క్లినిక్ బోర్డు రాసి, దాని మీద తన నవ్వునే గుమ్మమంత వెడల్పున వేశాడు.

"పెయింటరు గారూ, పొగ మానండి," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. "అసలు పంటికంటే ఈ పూతకే మరక తొందరగా పడుతుంది. మీరు దాచినా ఇది దాచదు."

పక్కనే ఉన్న భార్య ఆ మాట కొంగున ముడి వేసుకుంది. ఆమె తండ్రి చుట్టలు కాల్చి కాల్చి, దగ్గి దగ్గి, ఆమె చేతుల్లోనే పోయాడు. మొగుణ్ణి కూడా అలా పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

"మానేశానే, ఒట్టు," అన్నాడు బోర్డాయన.

"నీ ఒట్లు నాకొద్దయ్యా. నీ నోటిని నమ్మను గానీ నీ చేతిని నమ్ముతా. ఆ బోర్డు మీది పన్నూ నీ పన్నూ ఒకేలా ఉన్నన్నాళ్ళు మానేశావనే అనుకుంటా."

ఆమె పనిచేసే టైలరు కొట్టు ఆ వీధి చివర. రోజూ పొద్దున మొగుణ్ణి బోర్డు కింద నిలబెట్టి, "ఏదీ, ఇకిలించు," అనేది. పైకొకసారి, కిందికొకసారి చూసి నిశ్చింతగా పనికి పోయేది.

కొన్నాళ్ళు ఉగ్గబట్టుకుని, మళ్ళీ గుప్పుగుప్పున మొదలుపెట్టాడు మహానుభావుడు. పూత అంచున సన్నటి గోధుమ గీత తేలింది. అద్దంలో అది చూసుకుని, ఉప్పుతో తోమాడు, బొగ్గుతో తోమాడు. పూత గరుకెక్కి ఇంకాస్త మరక పట్టింది.

చివరికి తనకొచ్చిన విద్యే వాడాడు. పన్నుని తెల్లబరచలేనివాడు బోర్డుని పచ్చబరచలేడా? మిట్టమధ్యాహ్నం నిచ్చెన వేసుకుని, బోర్డు మీది పంటికి కాస్త పసుపు రంగు తగిలించాడు. నిచ్చెనెక్కిన బోర్డాయన్ని ఎందుకెక్కావని ఎవడడుగుతాడు? పైగా కింద పోయేవాళ్ళు బాగుందని మెచ్చుకున్నారు.

మర్నాడు భార్య చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. "నా బంగారం," అంది. సిగ్గుపడాల్సింది పోయి, ఆ సంతోషంలో ఇంకో సిగరెట్టు ఎక్కువ కాల్చాడు.

నోట్లో పన్ను ముదిరినప్పుడల్లా బోర్డు మీది పన్నూ ముదిరింది. పసుపు పోయి గోధుమ, గోధుమ పోయి ఇటుక పొడి. రోగులు క్లినిక్ మెట్లదాకా వచ్చి, పైకి చూసి, చెంప పట్టుకుని వెనక్కి పోసాగారు. డాక్టరమ్మ లబోదిబోమంటూ బోర్డాయన్ని పిలిపించింది.

"ఎండకండీ," అన్నాడాయన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆవిడ చెయ్యి లాగి చూసింది. "మీ నోట్లో కూడా ఎండ కాస్తోందా?" అని కుర్చీలో కూర్చోబెట్టింది. పైపొర గీకి, పాలిష్ పట్టి, మొదటిరోజు తెలుపు తెప్పించింది. "మరక లోపలికి దిగలేదు కాబట్టి బతికిపోయారు. ఇంకోసారైతే మొత్తం తీసి మళ్ళీ పెట్టాలి. ముందు ఆ బోర్డు సంగతి చూడండి."

అద్దంలో నవ్వు చూసుకుని మురిసిపోతూ బయటికొచ్చిన మనిషికి బోర్డు మాట గుర్తే లేదు. పని ముగించుకుని వస్తూ భార్య ఎదురైంది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి, అలవాటు కొద్దీ తలెత్తింది. చాలాసేపు చూసింది.

"నువ్వు మానేశావు సరే. బోర్డెప్పుడు మొదలెట్టిందయ్యా?"

ఆమె అరవలేదు, ఏడవలేదు.

"నీ నోటికి అబద్ధాలు వచ్చని పెళ్ళైన కొత్తలోనే తెలుసు. చేతికి కూడా నేర్పావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జేబులోని ప్యాకెట్టు తీసి మురిక్కాలవలో పారేశాడు. వెళ్ళి నిచ్చెన, తెల్లరంగు డబ్బా తెచ్చాడు. ఈలోగా ఆమె వెళ్ళిపోయుంటుందనుకున్నాడు. వెళ్ళలేదు, నిచ్చెన జారకుండా రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఎక్కి, పంటికి తెలుపు వేసి, కిందికి వంగి పళ్ళు చూపించాడు.

"చూడవే, ఒకేలా ఉన్నాయా?"

ఆమె నిచ్చెన వదల్లేదు. తల మాత్రం ఎత్తలేదు.