సార్ చెయ్యి లేపని పాట

ఈ నివాళిలో రాగదోషాలు, తాళదోషాలు, వేళగాని నవ్వులు దొర్లితే సంఘ పెద్దలు, సంగీతాభిమానులు, ముఖ్యంగా సహనశీలి అయిన మా చర్చి హార్మోనియం నన్ను మన్నించాలి. మానుకోటలో మా కాయిర్ సార్, అంటే చర్చి పాటల బృందానికి పాటలు నేర్పే సార్, పోయారు. ఫోను వచ్చేసరికి జనగామ బస్టాండులో ఉన్నాను. ఎటు నిలబడాలో తోచక తిరుగుతుంటే ఎక్కాల్సిన బస్సు కూడా పోయింది.

పాత కీర్తనలను పాతకాలం తీరుగానే పాడించాలని సార్ పంతం. సెలవు దొరికితే బండేసుకుని దంతాలపల్లి నుంచి చిట్యాల దాకా తిరిగి, పండు ముసలి అవ్వలతో చిన్ననాటి కీర్తనలు పాడించుకునేవారు. “పుస్తకంల రాగం పేరే ఉంటది, పాట అవ్వ నోట్లున్నది” అనేవారు. అవ్వ ఊపిరి తీసుకున్నచోటే మేమూ తీసుకోవాలి. మైకు లేదు. హార్మోనియం, తబలా, తాళాలు, అంతే. ఆయన కుడిచెయ్యి లేచేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఒకసారి నేను ముందే అందుకుంటే, “ఏందిరా, రైలు పోతున్నదా?” అన్నారు.

నా కొత్త కీబోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, “మంచిగున్నది బిడ్డా, దీని మీద ఇస్త్రీ చేసుకోవచ్చు” అన్నారు.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు మంచం మీద కూడా ఆయన వేళ్లు తాళం వేయడం ఆపలేదు. “నన్ను సాగనంపేటప్పుడు గా డబ్బా మోగనియ్యకు. పాత తీరుగ పాడుండ్రి.”

“ముందుగాల మీరు పోండ్రి సార్, అప్పుడు చూద్దాం” అన్నాను. ఆయన నవ్వారు. నాకే కుదురు పోయింది.

సాగనంపే రోజు చర్చిలో సార్ కొడుకు నన్ను పట్టుకున్నాడు. “హైదరాబాద్ చుట్టాలొచ్చిన్రు తమ్మీ, జర గ్రాండుగ ఉండాలె. కీబోర్డు పెట్టు.” తండ్రి పోయిన మనిషితో ఏం వాదిస్తాను? పెట్టాను. శవపెట్టె అదిరేటట్టు రిథమ్ మొదలై, అంతలోనే ఠక్కున ఆగింది.

“కరెంటు పోయినట్టున్నది” అన్నారెవరో.

ఇక పాడాల్సింది కాయిర్. ఎవరూ పాడలేదు. అలవాటు కొద్దీ అందరూ తెరిచిన పెట్టెలో సార్ కుడిచేతి వైపే చూస్తూ నిలబడ్డారు. కొడుకు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముందు వరుసలోంచి సార్ భార్య అన్నారు: “షురూ చేయుండ్రి బిడ్డా. ఆయన ఇగ చెయ్యి లేపడు.”

అందుకున్నాం. నెమ్మదిగా, అవ్వల తీరున, ఊపిరి తీసుకోవాల్సిన చోట ఏడుస్తూ.

ఆ రోజు నేను చాలా చేశానని అందరూ మెచ్చుకుంటున్నారు. పూలు తెచ్చింది యూత్ వాళ్లు, పెట్టె మోసింది అల్లుళ్లు. నేను చేసింది ఒక్కటే. చర్చిలో కరెంటు పోలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, సార్ మీది తెల్లగుడ్డ అంచు లేస్తూ పడుతూ ఉంది. ప్లగ్గు నా చేతిలో ఉంది.