గోడ అవతలి కంప్యూటర్

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నేను నిడదవోలులో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. ఒకసారి బట్టల కొట్టు సుబ్బారావుగారు కబురు పెట్టారు.

"స్విచ్ వేసి, టిఫిన్ చేసొచ్చినా ఇది తెరుచుకోవట్లేదండి."

కంప్యూటర్ తను చేసిన పనులు రాసుకునే చిట్టా, అదే లాగ్, తెరిచి చూశాను. ఆన్ చేసిన ప్రతిసారీ 'వెంకట్' అనే కంప్యూటర్ కోసం వెతుకుతూ ఆగిపోతోంది.

"వెంకట్ ఎవరండీ? రోజూ ఆయన కోసమే చూస్తోంది!" అన్నాను గట్టిగా.

గుమస్తా నా చెవి దగ్గరకొచ్చి, "తమ్ముడుగారండి. వాటాలు పంచుకుని, కొట్టు మధ్యలో గోడ కట్టేసుకున్నారు. ఆయన కంప్యూటర్ అవతల ఉండిపోయింది" అన్నాడు.

నేను గొంతు తగ్గించాను. "ఆ పేరు తీసేస్తానండి, సరిపోతుంది" అన్నాను.

సుబ్బారావుగారు గోడవైపు చూశారు. "అవతలిది కూడా మనదాని కోసం వెతుకుతుంటుందాండి?"

"అక్కడి లాగ్ చూస్తేగానీ తెలీదండి."

"అయితే ఉండనివ్వండి."

లోపం తెలిసీ నేను బాగుచెయ్యకుండా వదిలేసిన కంప్యూటర్ అదొక్కటే.