బోటులో పెట్టిన గిన్నె

నేను టీచరుగా అండమాన్ వచ్చిన కొత్త. చాతం జెట్టీలో బేంబూఫ్లాట్ వెళ్ళే బోటు ఎక్కేసరికి వాన పట్టుకుంది. బోటు పైకప్పు సందులోంచి చుక్కలు పడుతుంటే, నా పక్కన కూర్చున్నావిడ మూటలోంచి గిన్నె తీసి వాటి కింద పెట్టింది. ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"అలవాటైపోనాది దీదీ," అంది.

బ్రూక్షాబాద్‌లో మా అద్దె ఇంట్లోనూ వానొస్తే ఇదే పని. రేకులు మార్చేదాకా అద్దె ఇవ్వనని ఇంటి ఓనరుకి చెప్పేశానని కాస్త గొప్పగానే ఆమెతో అన్నాను.

"మేమూ అలాగే ఆపేశాం. మా ఓనరు కోప్పడనేదు. మరమ్మత్ చేయిస్తాను, రెండ్రోజులు చుట్టాలింట్లో ఉండండన్నాడు. సంబరపడి ఎల్లిపోనాం. తిరిగొచ్చీసరికి కొత్త రేకులే దీదీ. లోపల వేరేవాళ్ళ సంసారం."

ఇప్పుడు హోప్ టౌన్‌లో అన్నగారింటి వసారాలో ఉంటున్నారట. గిన్నెలో నీళ్ళు సముద్రంలో పారబోసి, కొంగుతో తుడిచి, మూటలో పెట్టుకుని దిగిపోయింది.

ఆ వారమే మా ఇంటి ఓనరు నవ్వుకుంటూ వచ్చాడు. "రేకులు మార్చేస్తానమ్మా. రెండ్రోజులు ఎక్కడైనా సర్దుకోండి."

"మేం లోపలుండగానే మార్చండి," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. పనివాళ్ళు రానేలేదు. ఆ వానాకాలమంతా గిన్నెలు పెట్టుకుంటూనే ఉన్నాం. ఇల్లు ఖాళీగా వదలడానికి ధైర్యం చాలక, చర్చికి కూడా ఒక ఆదివారం నేను, ఒక ఆదివారం మా ఆయన వెళ్ళేవాళ్ళం.