విభూది బుధవారం తర్వాత మూడు రోజులు

ముందు పోయినవి రాస్తాను. ఇనుప ట్రంకుపెట్టె ఒకటి. అందులో దినచర్య పుస్తకాలు పద్నాలుగు. చేత్తో గీసిన సరస్సు మ్యాపు ఒకటి. ఫోటోలు ఎన్నో చెప్పలేను, అన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. మృతుల పట్టీ ఒకటి. ఆ పట్టీతో పాటు ముప్పై ఒక్క తేదీలు.

ఆ పెట్టె ఆఫ్రికాలో చెదల మధ్య నలభై ఏళ్ళుంది. ఓడెక్కింది, రైలెక్కింది, ఏమీ కాలేదు. చినుకు కోసం మొగులు చూసే మా పెనుకొండకు వచ్చి, కాన్వెంటు కింది గదిలోకి నీళ్ళు చేరిన ఒక్క వానకు నానిపోయింది.

నేను హిందూపురంలో చింతపండు మండీలో గుమాస్తాను. చదివింది ఏడో తరగతి. లెక్కలు ఎవరూ నేర్పలేదు, వాటంతట అవే వచ్చాయి. ఏ ఏడు ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో చెబుతాను. కాన్వెంటు హాస్టలుకు చింతపండు మా మండీ నుంచే పోతుంది కాబట్టి ఈ సంగతి అక్కడికి చేరింది. రమ్మని కబురు వచ్చింది.

పిలిచింది ఆ పెట్టె తెచ్చుకున్న, ఎనభై దాటిన ఒక సిస్టరమ్మ. పరిగి దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, ఇరవై రెండేళ్ళకు ఆఫ్రికాకు పోయి, ముసలితనంలో తిరిగొచ్చిన మనిషి. వాళ్ళ సంఘంలో ఒక ఆచారముంది. రాత్రి అన్నానికి కూర్చోగానే ఒకరు లేచి, రేపటి తేదీన ఎప్పుడో చనిపోయిన తమ సిస్టర్ల పేరు, ఊరు, ఏడు పట్టీలో చూసి చదువుతారు. ఆ తర్వాతే తింటారు. పట్టీ పోయినప్పటి నుంచి "మనవాళ్ళందరి కోసం" అని ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

"అందరి కోసం అంటే ఎవరి కోసమూ కాదప్పా" అన్నది సిస్టరమ్మ. "నేనుండగానే ఒక్కొక్కరినీ మళ్ళా వాళ్ళ రోజులో కూర్చోబెట్టు. నా తర్వాత వీళ్ళ మొగం ఎరిగినోళ్ళు ఈడ ఎవరూ లేరు."

విదేశంలో ఉన్న పెద్ద మఠానికి రాస్తే పదిహేడు తేదీలు వచ్చాయి. మిగిలిన పద్నాలుగూ ఆమె తలలోనే ఉన్నాయి. కానీ తేదీలుగా లేవు, పండుగలుగా ఉన్నాయి. "మ్రానికొమ్మల ఆదివారం ముందు మంగళవారం, పడవ బోల్తా పడిన ఏడు." "పాస్కా అయిన తొమ్మిదోనాడు, జ్వరం."

వారం విడిచి వారం, ఆదివారం నాడు రైలెక్కి పోయేవాణ్ణి. ఒక్కొక్క పేరు రాసుకుంటూ ఉంటే ఆ సంఘం కథంతా వెనక నుంచి ముందుకు తెలిసింది. మొదట నలుగురు తెల్ల సిస్టర్లు ఆ సరస్సు ఒడ్డున పడవ దిగి, మట్టి గుడిసెలో మందులిచ్చే చోటు పెట్టారు. ఏడు తిరక్కముందే ఇద్దరు పోయారు. మిగిలిన ఇద్దరూ ఇంకా మనుషులు కావాలని ఇంటికి జాబు రాశారు. ఆ దేశాల నుంచి అమ్మాయిలు రావడం తగ్గాక మన వైపు నుంచి వెళ్ళారు. కాన్పులు చేశారు, బడి నడిపారు, కుష్టు పుండ్లు కడిగారు. "ఆ భాషలో నాకు ముందుగా వచ్చిన మాట 'ఇంకొంచెం ఓర్చుకో తల్లీ' అని" అన్నది సిస్టరమ్మ. ఇప్పుడు అక్కడి పని అక్కడి సిస్టర్లే చూస్తున్నారు. వాళ్ళలో ఒక చిన్నామె నర్సింగు చదవడానికి పెనుకొండ వచ్చి ఉంది. అన్నం ముందు పట్టీ చదివేది ఆమే.

పాస్కా అంటే ఈస్టరు, దాని తేదీ తెలిస్తే తక్కినవి తేలుతాయి. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు దాటాక వచ్చే పున్నమి, ఆ పున్నమి తర్వాత ఆదివారం పాస్కా. అక్కడి నుంచి వారం వెనక్కి పోతే మ్రానికొమ్మల ఆదివారం, నలభై ఆరు రోజులు వెనక్కి పోతే నుదుట బూడిద పెట్టుకొని ఉపవాసాలు మొదలుపెట్టే విభూది బుధవారం. రంజాను నెలవంక కోసం చిన్నప్పటి నుంచీ మిద్దెక్కి చూసిన ఇల్లు మాది. చంద్రుడి లెక్క నాకు వేళ్ళ కణుపుల మీద ఉంది. ఆ ధైర్యంతో పాత పాస్కాలన్నీ వేసేశాను.

ఒకే ఏడు ముగ్గురు జ్వరంతో పోయారు. మూడో ఆమె ధర్మవరంలో చీరలు నేసే ఇంటి ఆడబిడ్డ, సిస్టరమ్మతో కలిసి ఒకే ఓడ ఎక్కినామె. "విభూది బుధవారం తర్వాత శుక్రవారం" అని మాత్రం చెప్పి సిస్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. పదముగ్గురికి కథ చెప్పిన మనిషి ఈమెకు చెప్పలేదు.

ముగ్గురి పేర్లూ నేనిచ్చిన తేదీల్లో చదివారు. అయినా నాకు కుదురు లేదు. ప్రతి తేదీకీ రెండో ఆధారం ఉండాలనేది నా పద్ధతి. ఈ ముగ్గురికీ లేదు, దగ్గర్లో ఇల్లున్నది ధర్మవరం ఆమెకు ఒక్కదానికే. మండీలో కూర్చుంటే కాలు ఆడుతూనే ఉండేది. ఒక రోజు సెలవు పెట్టి, పెనుకొండలో దిగకుండా నేరుగా ధర్మవరం పోయాను.

ఆమె తమ్ముడు మగ్గం గుంటలోంచి తలెత్తాడు. డెబ్బై దాటుంటాయి.

"యాడ నుంచి వస్తాండావబ్బా? చీరలకా?"

"హిందూపురం. తేదీ కోసం వచ్చినా."

"తేదీ కోసం ఇంత దూరమా? మీ ఇంట్లో క్యాలెండరు లేదా?"

సంగతి చెప్పాక నవ్వు ఆపి, లోపలికి పోయి విదేశం నుంచి వచ్చిన ఒక నీలం ఏరోగ్రాం జాబు తెచ్చాడు. సిస్టరమ్మ చేతిరాత. "శుక్రవారం పొద్దున పోయింది. చివరి గడియలో నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో చెయ్యి పెట్టి, అమ్మకు చెప్పమన్నది."

"ఈ ఒక్క జాబు పట్టుకొని మా అమ్మ ఇంకా పద్దెనిమిదేండ్లు బతికింది" అన్నాడు తమ్ముడు.

నేను పోస్టు ముద్రలో తేదీ చూశాను. సోమవారం. నేనిచ్చిన శుక్రవారానికి నాలుగు రోజుల ముందు. నా లెక్కన మనిషి పోకముందే చావు కబురు పోస్టులో పడింది.

తిరుగు రైల్లో మళ్ళీ వేశాను. వాళ్ళ గుడి పున్నమి పట్టికలో రాసి ఉన్న పున్నమి. నాది కంటితో నెలవంక చూసి లెక్కపెట్టే పున్నమి, ఒక రోజు ఆలస్యం. ఆ ఏడు వాళ్ళకు పున్నమి శనివారం, మరునాడే పాస్కా. నాకు పున్నమి ఆదివారం పడింది, పాస్కాను ఇంకో వారం అవతలికి నెట్టాను. మిగతా ఏళ్ళన్నీ తిరగేశాను. ఆ ఒక్క ఏడే తప్పింది. ముగ్గురినీ వారం ఆలస్యంగా చదివించాను.

పెనుకొండలో దిగి, తప్పు ఒప్పుకున్నాను. "ఏమీ కాదులే, వారం ముందుకు జరుపుదాం" అన్నది సిస్టరమ్మ. ఇప్పుడు శుక్రవారానికి రెండో ఆధారం దొరికిందని, జాబు ఫోను ఫోటోలో చూపించాను.

ఆమె ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకొని చదివింది.

"ఇది ఆధారం కాదప్పా. ఇది నేనే రాసినా. ఆ శుక్రవారం నేను పడవలో ఉంటి."

విభూది పూసుకున్న బుధవారమే, జ్వరంలో ఉన్న స్నేహితురాలిని ఊరి ఆడవాళ్ళకు అప్పజెప్పి, మందు కోసం సరస్సు అవతలికి పోయిందట. ఆదివారం తిరిగొచ్చేసరికి మట్టి పూడ్చి ఉంది. మరునాడే ఆ జాబు రాసింది. ఏ రోజు పోయిందని ఆ వారం ఎవరినీ అడగలేదు.

"అడిగితే నేను లేనని గట్టిగా తెలిసిపోతుందని భయపడితి. శుక్రవారం అని రాసినా. రాసి రాసి నేనే నమ్మినా. నువ్వు రోజు అడిగినప్పుడు నోట్లోంచి అదే వచ్చె."

ఆఫ్రికా చిన్నామె తన ఊరికి ఫోను చేసింది. ముసలివాళ్ళకు సమాధి గుర్తుంది. వాన పడుతున్న రోజు పూడ్చామన్నారు. ఏ రోజని అడిగితే, ఆ వారం రోజూ వాన పడిందన్నారు.

"గురు, శుక్ర, శని" అన్నాను. "మూడింట్లో ఒకటి."

"అయితే మూడు రోజులూ చదవండి" అన్నది సిస్టరమ్మ. "ధర్మవరంలో మాత్రం ఆ జాబు అట్లనే ఉండనీ."

పట్టీలో ఆ పేరు మూడు చోట్ల పెన్సిలుతో రాశాను.

పోయిన ఏడు సిస్టరమ్మ పోయింది. నేను పక్కనే ఉన్నాను. తేదీ, వారం, గంట మూడూ తెలుసు. ముప్పై రెండో పేరు ఇంకుతో రాశాను. ఇప్పుడు పట్టీలో ముప్పై రెండు పేర్లు ముప్పై నాలుగు చోట్ల ఉన్నాయి. చిన్నామె మూడు రాత్రులూ గొంతు తగ్గించకుండా చదువుతుంది. నేను పెనుకొండ పోయినప్పుడల్లా ఆ మూడు పెన్సిలు గీతలూ తిప్పి చూస్తాను. రెండు చెరిపేయాలి, ఏ రెండో తెలియదు. ఇవ్వాళ్టికి తేలవలసింది ఒక రోజు.