మునిరత్నం తాతను పిలవడానికి

అవ్వను తిరువళ్లూరు సమాధుల తోటలో పెట్టి నెల కావస్తోంది. ఆదివారం ఆమె జ్ఞాపకార్థ కూటం. ముందురోజు ఉదయం నేను అత్తిమంజేరిపేటకు బయలుదేరాను, అవ్వ తమ్ముడు మునిరత్నం తాతను పిలవడానికి. అవ్వ ఆసుపత్రిలో ఆయాగా చేరి బాప్తిస్మం తీసుకున్నాక పుట్టింటివాళ్లు ఆమెను గడప తొక్కనివ్వలేదు. అయినా పోయేముందు ఆమె అడిగింది ఆ తమ్ముణ్ణే. చనిపోయినప్పుడు అమ్మ ఫోను చేసింది. ఆయన రాలేదు. "ఈసారి ఫోను వద్దు, నువ్వే పో" అంది అమ్మ.

ఏడు దాటాక తిరువళ్లూరులో లోకల్ రైలు ఎక్కాను. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: చాలా లోకల్ రైళ్లు అరక్కోణంతో ఆగిపోతాయి, తిరుత్తణి దాకా పోతుందా అని అడిగి ఎక్కాలి. పెట్టెలో సగం మంది తిరుత్తణి మురుగన్ కొండకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లే. ఎదురుగా పసుపు చీర కట్టుకున్నామె పొట్లం విప్పి నా చేతిలో పులిహోర పెట్టింది.

"యాడికి పాపా, కొండకేనా?"

"లేదక్కా, మేము కిరస్తానం" అని, వెళ్తున్న పని చెప్పాను. వాకిట్లోనే నిలబెట్టి పంపేస్తారేమోనన్న భయమూ చెప్పాను.

"పోంగానే ఏమీ మాట్లాడబాక. మంచినీళ్లు అడుగు. నీళ్లడిగిన ఆడబిడ్డను ఎవురు పొమ్మంటారు?" అందామె.

తిరుత్తణి బస్టాండులో అత్తిమంజేరిపేట మీదుగా పోయే పళ్లిపట్టు బస్సు దొరికింది. బోర్డులన్నీ తమిళంలో, సీట్లలో మాటలు సగం తెలుగులో. చెరకు తోటలు దాటుతున్నంతసేపూ మంచినీళ్లు ఎలా అడగాలో లోలోపలే చెప్పుకుంటూ పోయాను. దిగేసరికి పదకొండు.

తాత వాకిట్లో శెనక్కాయలు ఎండబోస్తున్నాడు. అచ్చం అవ్వ ముక్కే. నేను నోరు తెరిచేలోగా ఆయనే నన్ను పోల్చుకున్నాడు.

"చెంగమ్మక్క మనవరాలివి కదా? ఆ పొద్దు అక్క శవపెట్టె పక్కన ఏడస్తా ఉన్నింది నువ్వే."

అవ్వకు ఆ పేరుందని నాకు తెలియదు. మాకు ఆమె సారమ్మే. "మీరు రాలేదు కదా తాతా?" అన్నాను.

"వచ్చినాను పాపా. సమాధుల తోట గోడ అవతల నిలబడినాను. లోపల మీవోళ్లు పాటలు పాడతా ఉండారు. నాలాంటోడు రావచ్చో రాకూడదో తెలీలా. ఎవురినీ అడగలేకపోయినా."

నెల రోజులుగా ఆయన మీద పెట్టుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. గడప మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆయన భార్య వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లి, సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టింది.

తిన్నాక తాత అన్నాడు, "అక్క ఏమని ప్రార్థన చేస్తా ఉన్నిందో నేను ఎప్పుడూ వినలా. ఒకసారి నువ్వు చెయ్యి."

మా ఇంట్లో నలుగురి ముందు ప్రార్థన చేసేది అవ్వే. నేను ఎన్నడూ నోరు తెరిచి చేయలేదు. మురుగన్ పటం కింద చాప మీద ముగ్గురం కూర్చున్నాం. "ప్రభువా, అవ్వ పుట్టిన ఇంట్లో అందరినీ చల్లగా చూడు" అన్నాను. అంతే చెప్పి కళ్లు తెరిచాను. తాత మాత్రం చాలాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత లేచి, ఉతికిన పంచె తీసి సంచిలో పెట్టుకున్నాడు. "రేపటి దాకా ఏల? నీతోనే వస్తాను."

సాయంత్రం తిరుత్తణిలో ఇద్దరం రైలెక్కాం. అరక్కోణం దాటాక తాత మెల్లిగా అడిగాడు.

"అక్క నన్ను తిట్టేదా?"

"రోజూ పడుకునే ముందు మీ పేరు చెప్పి ప్రార్థన చేసేది."

ఆయన కిటికీ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

పొద్దున భయంతో పోయిన దారే, తిరిగి వస్తుంటే ఎంతో దగ్గరగా అనిపించింది. తిరువళ్లూరులో దిగేసరికి నాకు బాగా ఆకలేసింది. అవ్వ పోయాక ఆకలి తెలియడం అదే మొదలు.