తిరుపాలమ్మ చేతి పరీక్ష

పల్లెబోయిన తిరుపాలమ్మ గిద్దలూరులో రాజకుమారి టీచరు గడప తొలిసారి తొక్కినది ఆసుపత్రి కాగితం చదివించుకోవడానికి. రాచర్ల దగ్గర ఆమెకు అరవై గొర్రెలున్నాయి. ఈనిన ప్రతి గొర్రె పొదుగునూ తెల్లవారగానే వేళ్లతో తడిమి చూడటం ఆమె అలవాటు. ఆ చేత్తోనే తన రొమ్ములో చిక్కుడుగింజంత గడ్డను తానే పట్టుకొన్నది. గొర్రె పొదుగు వాచిన పూటే పశువుల డాక్టరును బండెక్కించుకొని వచ్చే భర్త ఓబులయ్య, భార్య గడ్డను గురించి మాత్రం నెల రోజులు ఆలోచించినాడు. అయినా అది తొలిదశలోనే దొరికింది. ఒంగోలు డాక్టరమ్మ రొమ్మును ఉంచి, గడ్డను మాత్రమే తీసివేసింది. రొట్టె ప్యాకెట్లతో పరామర్శకు వచ్చిన బంధువులు అంత చిన్న కోతను చూసి నిరాశపడినారు. “ఇంతేనా కోసింది? దీనికి ఒంగోలు దాకా ఎందుకు పోయినట్టు?” అన్నది ఆడబిడ్డ.

మూడు వారాలు రేడియేషన్ తప్పనిసరి అనీ, మానితే గడ్డ మళ్లీ రావచ్చుననీ టీచరు రెండుసార్లు చదివి వినిపించింది.

“గడ్డ పోయినాక ఇంకా ఆ కరెంటేంది, గొర్రెలు ఈనే కాలం అంటాడు టీచరమ్మా ఆయన. మీ దగ్గర ఐదో తరగతి చదివినోడే. ఇప్పటికీ బజార్లో మీరు కనబడితే బీడీ పారేస్తాడు.”

టీచరు కళ్లజోడు సవరించుకొన్నది. “రేపు తోలుకొని రా.”

తిరుపాలమ్మ మెట్టు దిగి, మళ్లీ టీచరు వైపు తిరిగింది.

“పంపిస్తానని నోటితో చెప్పించుకొని వదలొద్దు టీచరమ్మా. వందసార్లు రాయించండి.”